హ్యామ్‌స్టర్ కథను ఇంటిల్లిపాదీ కలిసి చదవడం ఎలా? ఒక స్కూలు లైబ్రేరియన్ సమాధానం

మీ ప్రశ్నను ముందు ఇలా అర్థం చేసుకున్నాను. అమెరికాలో ఉంటున్నారు. బాబు మూడో తరగతి, పాప కిండర్‌గార్టెన్. స్కూలు వాళ్ళు ఇంటికో నవల పంపి, నెల రోజుల పాటు రోజూ రాత్రి కుటుంబమంతా కూర్చుని కొన్ని పేజీల చొప్పున చదవమన్నారు. బెట్టీ జి. బిర్నీ 2004లో రాసిన ‘ది వరల్డ్ అకార్డింగ్ టు హంఫ్రీ’, తరగతి గదిలో పెరిగే హంఫ్రీ అనే హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) కథ. మీ ఉచ్చారణకు పిల్లలు నవ్వుతున్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అత్తగారికీ మామగారికీ ఇంగ్లీషు రాదు. పాప పది నిమిషాలు కుదురుగా కూర్చోదు. కథ సగం కూడా కాకముందే హ్యామ్‌స్టర్ కొనమని ఇద్దరూ పేచీ పెడుతున్నారు. నేను ఇక్కడి ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల లైబ్రరీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇలాంటి నెల మా స్కూల్లోనూ ఏటా వస్తుంది, మన తెలుగు కుటుంబాలు అవే ప్రశ్నలు అడుగుతాయి. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది, ఇది హోంవర్కు కాదు. ఊరంతా ఒకే పుస్తకం చదివి మాట్లాడుకోవాలనే ఆలోచనకు 1998లో సియాటిల్‌లో నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ శ్రీకారం చుట్టారు. అది నగరాల నుంచి స్కూళ్ళకు పాకింది. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని రీడ్ టు దెమ్ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని స్కూళ్ళలో బాగా వ్యాపింపజేసింది. ప్రతి కుటుంబానికీ ఒక ప్రతి ఇస్తారు, ఏ రాత్రి ఎంత చదవాలో కాగితం ఇస్తారు, మర్నాడు పొద్దున స్కూలు మైకులో కథ గురించి చిన్న ప్రశ్న వేస్తారు. ఐదో తరగతి పిల్లవాడికీ, కిండర్‌గార్టెన్ పాపకూ, బస్సు నడిపే ఆయనకూ, భోజనశాలలో వడ్డించే ఆవిడకూ ఒకేసారి మాట్లాడుకోవడానికి ఒక కథ ఉండాలన్నదే ఉద్దేశం. ఇందులో మార్కులు లేవు. మనవాళ్ళు మాత్రం సంచీలోంచి పుస్తకం బయటికి రాగానే పెన్సిలు వెతుకుతారు. పొద్దున మైకు ప్రశ్నకు తమ పిల్లవాడే చెయ్యెత్తాలని రాత్రి పాత్రల పేర్లన్నీ వల్లె వేయించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ ఇంట్లో పుస్తకం చివరిదాకా వెళ్ళింది గానీ హంఫ్రీ మాత్రం వెళ్ళలేదు.

కథ స్వరూపం తెలిస్తే చదవడం సులువు. మిస్ మ్యాక్ అనే టీచరు ఒక హ్యామ్‌స్టర్‌ను కొని 26వ నంబరు గదికి తెస్తుంది. కొద్ది రోజులకే ఆమె బ్రెజిల్ వెళ్ళిపోతుంది. ఆమె స్థానంలోకి తిరిగివచ్చిన మిసెస్ బ్రిస్బేన్‌కు హ్యామ్‌స్టర్ అంటే అసలు గిట్టదు. వారాంతాల్లో దాన్ని ఎవరో ఒకరు ఇంటికి తీసుకువెళ్ళాలి. అలా ప్రిన్సిపాల్ ఇల్లు మొదలుకొని ఒక్కో ఇంట్లో అడుగుపెట్టి, పంజరంలోంచి మనుషులను చూస్తూ హంఫ్రీ తానే కథ చెబుతాడు. దాదాపు ప్రతి ఇంటిదీ విడి కథ. ఒక రాత్రి తప్పిపోయినా, మర్నాడు రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగవచ్చు. స్కూలు ఇచ్చిన పట్టికకు రెండు రోజులు వెనకబడితే కంగారు పడకండి. శనివారం పొద్దున టిఫిను దగ్గర ఆ రెండూ చదివేసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి.

ఇక ఉచ్చారణ. పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. వాళ్ళకు అమెరికా ఇంగ్లీషు మీ నోటి నుంచి రానక్కర్లేదు. స్కూల్లో రోజుకు ఆరేడు గంటలు అదే వింటారు. మీ నుంచి వాళ్ళకు దక్కేది వేరు: పెద్ద వాక్యం ఎక్కడ ఆగుతుందో, మాటకారి పాత్ర ఎలా మాట్లాడుతుందో, వాళ్ళు సొంతంగా చదివితే దాటవేసే మాట సందర్భంలో ఎలా అర్థమవుతుందో. అమెరికా ప్రభుత్వం కోసం ఒక నిపుణుల సంఘం 1985లో ఇచ్చిన నివేదిక, చదువుకు పునాది వేసే పనులన్నిటిలోకీ పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించడమే ముఖ్యమని తేల్చింది. పిల్లలు సొంతంగా చదవడం వచ్చాక కూడా దీన్ని కొనసాగించాలని చెప్పింది. మంచి యాసతోనే చదవాలని అందులో ఎక్కడా లేదు. మా స్కూల్లో ఒక తల్లి తెలివైన ఏర్పాటు చేసుకుంది. కథలో మనుషుల మాటలు వచ్చినచోట పుస్తకం కొడుకు వైపు తిప్పేది, వాడు తన స్కూలు ఇంగ్లీషులో ఆ మాటలు పలికేవాడు, మిగతా కథనం తాను చదివేది. నవ్వు ఆగిపోయింది, ఎందుకంటే వాడికి పని దొరికింది. మరీ అలసిపోయిన రాత్రి ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఆడియో పుస్తకం దొరుకుతుందేమో చూడండి. దొరికితే దాన్ని పెట్టి, మీరూ పక్కనే కూర్చుని వినండి. వాళ్ళ చేతికి ఫోను ఇచ్చి మీరు గిన్నెలు కడగడానికి వెళితే అది కలిసి చదవడం కాదు.

అత్తగారు, మామగారు ఉన్నారని ఇబ్బందిగా రాశారు. నా దృష్టిలో మీ ఇంటికి ఉన్న గొప్ప వసతి అదే. అయితే ఒక పని మాత్రం చేయవద్దు. ఒక వాక్యం ఇంగ్లీషులో చదివి, వెంటనే దాన్ని తెలుగులో చెప్పి, మళ్ళీ ఇంగ్లీషుకు వచ్చే పద్ధతి ఎవరికీ ఉపకారం చేయదు. ఇంగ్లీషు వినేవాళ్ళకు కథ తెగిపోతుంది, తెలుగు వినేవాళ్ళకు ముక్కలు దక్కుతాయి. దాని బదులు ప్రతి రాత్రి చదవడం మొదలుపెట్టే ముందు బాబు తాతయ్యకు నిన్నటి కథ తెలుగులో చెప్పాలి. పాప మధ్యలో దూరి సరిదిద్దవచ్చు. రెండు మూడు నిమిషాలు చాలు. వాడికి ఏది అర్థమైందో, ఏది కాలేదో ఏ పరీక్ష పెట్టినా తేలనంత స్పష్టంగా అక్కడ తేలిపోతుంది. తెలుగు మాట తట్టకపోతే తాతయ్య అందిస్తారు.

మా దగ్గరి ఒక ఇంట్లో ఇది జరుగుతుండగా చూశాను. పిల్లవాడు చెబుతున్నాడు: “తాతయ్యా, పంజరానికి తాళం ఉంది గానీ సరిగ్గా పడదు. అందరూ పడిందనే అనుకుంటారు. హంఫ్రీ ఒక్కడికే తెలుసు. రాత్రి అందరూ పడుకున్నాక తలుపు తోసుకుని బయటికి వస్తాడు.” తాతయ్య కళ్ళజోడు సవరించుకుని, “మరి వచ్చిన విషయం ఎవరికీ తెలియకూడదు కదా, తెల్లవారేలోగా మళ్ళీ లోపలికి ఎలా ఎక్కుతుంది?” అని అడిగారు. పిల్లవాడు నోరు తెరిచి ఆగిపోయాడు. అది వాడికి తట్టలేదు. పుస్తకం తీసి ఆ పేజీ మళ్ళీ వెతికాడు. ఎవరూ చెప్పకుండా తిరిగి చదివాడు. ఇంగ్లీషు అక్షరం రాని తాతయ్య అడిగిన ప్రశ్న అది.

నానమ్మల దగ్గర ఇంకో నిధి ఉంటుంది. మీ అత్తగారిది పల్లెటూరో పట్నమో రాయలేదు గానీ, ఆ తరంలో ఇంటి చుట్టూ జంతువులు లేకుండా పెరిగినవాళ్ళు తక్కువ. ఒక నానమ్మ వాళ్ళ గేదె కథ చెప్పారు. అది ఆవిడ చేతికి తప్ప మరెవరికీ పాలు చేపేది కాదట. ఆవిడకు జ్వరం వచ్చిన వారం తోడికోడలు ఆవిడ చీరే కట్టుకుని, చెంగు నెత్తిన కప్పుకుని చెంబుతో వెళితే తప్ప దగ్గరికి రానివ్వలేదట. విన్న పిల్లలు పగలబడి నవ్వారు. తరువాత వాళ్ళే గుర్తుపట్టారు: హ్యామ్‌స్టర్‌కు కూడా చూపు అంతంతమాత్రమే, మనిషిని వాసనతో గుర్తుపడుతుంది. మన ఊళ్ళలో పశువును ముద్దు కోసం పెంచరు. అది పని చేస్తుంది, పాలిస్తుంది. కుడితి కలిపేది, పలుపు విప్పేది, కనుమ నాడు కొమ్ములకు రంగు పూసేది ఇంట్లోవాళ్ళే. పెంచడమంటే ఏమిటన్నది అక్కడ ఒకలా, 26వ నంబరు గదిలో ఇంకోలా కనిపిస్తుంది. దాని గురించి పిల్లలు అడగకుండా ఉండరు. ఎవరింట్లోనో రామచిలుక పంజరం ఉండేదని తాతయ్య చెబితే, ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది ఇప్పుడు నేరమని కూడా చెప్పండి. మరి హంఫ్రీ పంజరంలో ఉండవచ్చా అని అడుగుతారు. అడగనివ్వండి, తేల్చాల్సిన అవసరం లేదు.

పాప కుదురుగా కూర్చోదన్నారు. ఐదేళ్ళ పిల్లను కూర్చోబెట్టాలని ఎందుకు? కథ చెవితో వింటుంది, కాళ్ళతో కాదు. బొమ్మలు సర్దుకుంటూ, రంగులు వేసుకుంటూ, మంచం కింద దూరుతూ వినవచ్చు. మా చిన్న తరగతుల్లో నేను చదివేటప్పుడు సగం మంది నేల మీద దొర్లుతుంటారు. పేజీ తప్పు తిప్పితే మొదట పట్టుకునేది వాళ్ళే. ఈ కథలో ఆమె వయసు వాళ్ళకు సరిపడే పని ఒకటి సిద్ధంగా ఉంది. హంఫ్రీ మాట్లాడేది చదివేవాళ్ళకు అర్థమవుతుంది. కథలోని మనుషులకు మాత్రం అది ఒట్టి కీచుకీచుమనే వినిపిస్తుంది. ఆ కీచుకీచులు పాప వంతు. ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక చెవి అటే ఉంటుంది. అతను మనసు నిండా చెప్పాలనుకున్నదంతా చెప్పి, చివరికి అవతలివాళ్ళకు వినిపించేది కీచుమనే చప్పుడేనని తెలిసిన క్షణంలో పిల్లలు నవ్వే నవ్వు వేరు. పెద్దవాళ్ళ ముందు తమ పరిస్థితీ అదేనని వాళ్ళకు బాగా తెలుసు.

ఇక్కడే మన కథలకూ దీనికీ తేడా. పంచతంత్రంలో పావురాల వల కొరికిన హిరణ్యకుడు కూడా ఎలుకే. అయితే అక్కడ జంతువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, మాట్లాడినదల్లా అవతలి జంతువుకు అర్థమవుతుంది, కథ చివర నీతి చేతిలో పెడతారు. హంఫ్రీ మనుషుల మధ్య ఉంటాడు, అన్నీ చూస్తాడు, ఏదీ చెప్పలేడు. అందుకే ఈ కథ చదివాక “దీని నీతి ఏమిటి?” అని అడగవద్దు. ఆ ప్రశ్న పంచతంత్రానికి తగినది. పైగా జంతువుల కథలతో నీతి ఎక్కించడం మనం అనుకున్నంత బాగా పనిచేయదు. టొరంటోలో పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పంచుకోవడం గురించిన ఒకే కథను కొందరు పిల్లలకు మనుషుల బొమ్మలతో, కొందరికి మనిషి బట్టలు వేసుకున్న జంతువుల బొమ్మలతో వినిపించారు. మనుషుల కథ విన్నవాళ్ళు తరువాత తమ దగ్గరున్నవి ఎక్కువగా పంచుకున్నారు, జంతువుల కథ విన్నవాళ్ళలో ఆ మార్పు రాలేదు. కనుక హ్యామ్‌స్టర్ చెప్పిందని పాప అన్నతో బొమ్మలు పంచుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. కథ కోసమే కథ చదవండి.

మరి ఏమి మాట్లాడుకోవాలి? నాకు తెలిసి ఈ పుస్తకానికి ఒక్క ప్రశ్న చాలు: “ఈ శనివారం హంఫ్రీ మన ఇంటికి వస్తే ఏమి చూస్తాడు?” కథలో ఎ.జె. అనే పిల్లవాడి ఇల్లు వస్తుంది. ఆ ఇంట్లో పొద్దున నుంచి రాత్రి దాకా టీవీ మోగుతూనే ఉంటుంది, ఒకరి మాట ఒకరికి వినిపించదు. హంఫ్రీ రాత్రి పంజరంలోంచి జారుకుని టీవీ ప్లగ్గు లాగేస్తాడు. టీవీ చెడిపోయిందనుకుని ఆ కుటుంబం ఏమి చేసిందో పుస్తకంలోనే చదవండి. ఆ రాత్రి ఈ ప్రశ్న వేయండి. పెద్దవాళ్ళు ధైర్యం చేసుకునే వేయాలి. మా స్కూల్లో ఒక తరగతికి ఇదే ప్రశ్న రాయడానికి ఇచ్చినప్పుడు, మన పిల్లల్లో ఒక అమ్మాయి, “హంఫ్రీకి మా నాన్న ముఖం కనబడదు, లాప్‌టాప్ వెనక ఉంటుంది” అని రాసింది. ఇంకొకడు, మా ఇంట్లో ప్లగ్గు లాగితే లాభం లేదు, రౌటరు లాగాలి అని రాశాడు. పిల్లలు నిష్ఠూరంగా అనరు, చూసింది చెబుతారు. అడిగిన తరువాత మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవద్దు. విని ఊరుకోండి.

తరగతిలో నోరు విప్పని సాయె అనే అమ్మాయి పాత్రను ప్రత్యేకంగా చూడండి. ఆమె కుటుంబం వేరే దేశం నుంచి వచ్చింది. వాళ్ళమ్మకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. ఆ అధ్యాయం చదివేటప్పుడు మీ బాబు మీ ముఖం వైపు చూడవచ్చు. పిల్లల పుస్తకాలు అద్దాలుగానూ కిటికీలుగానూ ఉండాలని రుడీన్ సిమ్స్ బిషప్ అనే ఆచార్యురాలు 1990లో రాశారు. అద్దంలో మనం కనిపిస్తాం, కిటికీలోంచి పక్కవాళ్ళు కనిపిస్తారు. మన పిల్లలకు ఈ దేశపు పుస్తకాల్లో చాలావరకు కిటికీలే దొరుకుతాయి. ఇక్కడ ఒక అద్దం ముక్క ఉంది. మీ యాసకు నవ్వే పిల్లలకు ఆ అధ్యాయం మీరే చదవండి. ఆ రాత్రి మనుషుల మాటలు కూడా బాబుకు వదలవద్దు. దాని మీద ఉపన్యాసం మాత్రం వద్దు.

పెంపుడు జంతువు కథ అనగానే చివర్లో అది చచ్చిపోతుందేమోనని చాలామంది భయపడతారు. ఈ పుస్తకంలో ఆ భయం అక్కర్లేదు, హంఫ్రీ బతికే ఉంటాడు. ఇందులో బాధ వేరే చోట ఉంది, అదీ కథ మొదట్లోనే. తనను ప్రేమగా తెచ్చుకున్న మిస్ మ్యాక్ తనను వదిలి వెళ్ళిపోవడం హంఫ్రీకి మింగుడుపడదు. ఇక్కడి మన పిల్లలకు వెళ్ళిపోవడమంటే బాగా తెలుసు. వీసా సంగతి తేలక ఇల్లు ఖాళీ చేసిన స్నేహితుడు, ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్ళిన పక్కింటివాళ్ళు, అందరికన్నా ముఖ్యంగా ఆరు నెలల గడువు కాగానే సూట్‌కేసులు సర్దుకునే నానమ్మ, తాతయ్య. మీ అత్తగారివాళ్ళు ఈ నెలలోనో వచ్చే నెలలోనో బయలుదేరేట్టయితే, మిస్ మ్యాక్ వెళ్ళిపోయే పేజీల దగ్గర పాప హఠాత్తుగా చిరాకు పడినా, పుస్తకం మూసేయమన్నా ఆశ్చర్యపోవద్దు. “ఏమీ కాదులే, కథే కదా” అనవద్దు. “హంఫ్రీకి కోపం వచ్చిందా, బాధ వేసిందా?” అని అడిగి చూడండి. తన సంగతి అడిగితే చెప్పని పిల్ల హంఫ్రీ సంగతి అడిగితే చెబుతుంది. నానమ్మ వెళ్ళాక కూడా చదవడం ఆపనక్కర్లేదు. వాట్సాప్ వీడియోలో ఇక్కడి రాత్రి అక్కడి పొద్దుటి కాఫీ వేళకు సరిపోతుంది. నిన్నటి కథ చెప్పే పని బాబు మానకుండా ఉంటే చాలు.

మీవారి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు, అందుకని అడుగుతున్నాను: ఆయన ఏ రాత్రి చదువుతారు? రాత్రి కాల్స్ ఉన్నాయంటారు. మంచిదే, ఆదివారం చదవమనండి. నెలకు నాలుగు ఆదివారాలు వస్తాయి. చదవడం అమ్మ పని అని బాబు ఒకసారి అనుకున్నాడంటే, అది ఆడవాళ్ళ వ్యవహారమని తేల్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. మగపిల్లలు పుస్తకాలకు దూరమవుతున్నారని నా దగ్గరికి వచ్చి వాపోయే తండ్రుల్లో సగం మంది ఇంట్లో పుస్తకం పట్టుకుని కనిపించినవాళ్ళు కారు.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. హ్యామ్‌స్టర్ కొనాలా? కథలోని హంఫ్రీ తెలివైనవాడు, పగలంతా తరగతిలో జరిగేది చూస్తాడు, పంజరం అద్దం వెనక చిన్న నోటు పుస్తకం దాచుకుని రాసుకుంటాడు. అసలు హ్యామ్‌స్టర్ నిశాచరి. పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకు గుండ్రంగా ముడుచుకుని నిద్రలో ఉంటుంది, లేపితే కరుస్తుంది. అర్ధరాత్రి లేచి చక్రం తిప్పుతుంది, పాప గదిలో పెడితే ఆ చప్పుడుకు ఎవరికీ నిద్ర ఉండదు. గోల్డెన్ జాతిది ఒంటరిగానే బతుకుతుంది. “పాపం, తోడుంటే బాగుంటుంది” అని రెండోదాన్ని అదే పంజరంలో వేస్తే రెండూ కొట్టుకుని ఒకటి చావవచ్చు. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరకడానికి ఏదో ఒకటి ఉండాలి. గది బాగా చల్లబడితే కట్టెలా బిగుసుకుపోతుంది, చచ్చిపోయిందనుకుని పూడ్చబోయినవాళ్ళూ ఉన్నారు. ఆయుష్షు రెండు మూడేళ్ళు. అంటే ఇప్పుడు కొంటే బాబు ఐదో తరగతికి వచ్చేసరికి ఆ చావు మీ ఇంట్లోనే జరుగుతుంది, పుస్తకంలో తప్పించుకున్న మాటలు అప్పుడు మాట్లాడక తప్పదు.

ఆరోగ్యం సంగతి కూడా ఉంది. ఎలుక జాతి పెంపుడు జంతువుల నుంచి సాల్మొనెల్లా వంటి రోగకారక క్రిములు సోకవచ్చు కనుక ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళకు అవి తగవని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. మీ పాప ఆ గీత దగ్గరే ఉంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, వంటింటి సింకులో పంజరం కడగకూడదు. అద్దె ఇల్లయితే ఒప్పందంలో జంతువుల గురించి ఏముందో చూసుకోండి. హవాయిలోనయితే హ్యామ్‌స్టర్‌ను పెంచడమే నిషిద్ధం, తప్పించుకుంటే అక్కడి వాతావరణంలో అడవిలో స్థిరపడి పంటలనూ స్థానిక జీవులనూ దెబ్బతీస్తాయని. ఇవన్నీ ఒక ఎత్తు, మన ఇళ్ళలో ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఇంకో ఎత్తు: ఎండాకాలం సెలవుల్లో ఐదారు వారాలు ఇండియా వెళ్ళినప్పుడు దాన్ని ఎవరు చూస్తారు? ఆ పేరు చెప్పగలిగితేనే కొట్టు గడప తొక్కండి. చెప్పలేకపోతే కొనవద్దు. నన్ను సూటిగా అడిగితే, పాపకు ఇంకో రెండేళ్ళు నిండేదాకా ఆగమంటాను.

ఆగమన్నంత మాత్రాన పిల్లల ఆసక్తిని చల్లార్చనక్కర్లేదు. హ్యామ్‌స్టర్ గురించిన నిజం కథ కూడా తక్కువది కాదు. 1930లో ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త సిరియాలోని అలెప్పో దగ్గర గోధుమ పొలంలో లోతుగా తవ్వించి ఒక తల్లినీ పిల్లలనూ బయటికి తీసి జెరూసలేం చేర్చారు. ఇవాళ లోకమంతటా ఇళ్ళలో పెరుగుతున్న గోల్డెన్ హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కాన్పు సంతతే. పెంపకంలో లక్షలు ఉన్నాయి గానీ, సొంత నేల మీద ఆ జాతి అంతరించే ప్రమాదంలో ఉంది. మూడో తరగతి వాడికి ఈ సంగతి చెప్పి చూడండి, మ్యాపులో అలెప్పో వెతకకుండా నిద్రపోడు. మాట్లాడే జంతువుల కథలు విన్న చిన్నపిల్లలు అసలు జంతువులకు కూడా మనిషి ఆలోచనలు అంటగడతారని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రీషియా గానియా బృందం 2014లో చూపించింది. అందుకని కథ పక్కనే ఇలాంటి నిజాలు పెట్టడం మంచిది. అయితే కథ మధ్యలో కాదు. హంఫ్రీ రాసుకుంటుంటే “అసలు హ్యామ్‌స్టర్‌కు రాయడం రాదు” అనే అన్నయ్యను ఏ చెల్లెలూ క్షమించదు.

జంతువు దగ్గర కూర్చోవాలన్న కోరిక తీరాలంటే మీ ఊరి లైబ్రరీలో అడగండి. సాల్ట్ లేక్ సిటీలో 1999లో మొదలైన రీడ్ అనే కార్యక్రమం చాలా రాష్ట్రాలకు పాకింది. శిక్షణ పొందిన కుక్క పక్కన పిల్లలు కూర్చుని బిగ్గరగా చదువుతారు. కుక్క తప్పులు పట్టదు, తొందరపెట్టదు. చదవడానికి బెదిరే పిల్లలకు ఇది బాగా పనికివస్తుంది. మీ పాప వచ్చే ఏడాది అక్షరాలు కూడబలుక్కునే దశలో తీసుకువెళ్ళండి.

ఈ సమాధానం హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదివేవాళ్ళు స్కూలు ఏదో పంపేదాకా ఎదురుచూడనక్కర్లేదు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు తెలుగులో పిల్లల పుస్తకాలు చాలా తెచ్చాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో జంతువుల కథలు తెలుగులో ఉచితంగానే ఉన్నాయి. అవి పొట్టివి, నవల కావు. కానీ రోజూ రాత్రి ఒకటి చదవడం అలవాటైన ఇంట్లో నవల పెద్ద బరువనిపించదు. అక్కడ తాతయ్యే చదవవచ్చు, మనవడే వినవచ్చు.

చివరిగా మీరు కింద చేర్చిన చిన్న ప్రశ్న: బాబు దుప్పటి కింద టార్చి పెట్టుకుని ముందు అధ్యాయాలు చదివేస్తున్నాడు, ఆపాలా? ఆపవద్దు. ముందే చదివినా మళ్ళీ అందరితో కలిసి వింటాడు, పాప ముఖం చూడడానికైనా వింటాడు. రెండు షరతులు మాత్రం పెట్టండి. ఏమి జరగబోతుందో నోరు జారకూడదు. మీరు చదివేటప్పుడు “ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు” అని పక్కన గిల్లకూడదు. ఈ పుస్తకం అయిపోయాక తరువాతిది 2005లోనే వచ్చింది, అందులో 26వ నంబరు గదికి ఓగ్ అనే కప్ప వస్తుంది. వరస పెద్దదే. అది మాత్రం కొనకండి, మీ స్కూలు లైబ్రరీలో ఉంటుంది. వాడినే వెళ్ళి అడగమనండి.